ఎదురింటి పేపరు

మా ఆయన జగన్మోహన్ గారికి తాగుడు లేదు, పేకాట లేదు. ఆ రెండింట్లో ఏదో ఒకటి ఉంటే బాగుండేది, జనం జాలిపడేవారు. ఆయనకున్నది పేపరు. పొద్దున్నే చాయ్ కప్పుతో బాల్కనీలో కూర్చుని ఆయన పేపరు చదవరు, కొలుస్తారు. ఏ నాయకుడి ఫొటో పైన వేశారు, ఎవరిది కింద వేశారు, ఎవరు నోరు తెరిచి ఉన్నారు, ఎవరు నవ్వుతున్నారు. తమ నాయకుడు నోరు తెరిచి ఉన్న ఫొటో పడిందంటే అది కుట్ర. వార్త జోలికి మాత్రం పోరు. "లోపల సదివేదేముంది మనోరమా, హెడ్డింగు సూస్తే తెలుస్తలేదా" అంటారు. ఆఫీసులో ఫైళ్ళు కూడా ఇట్లాగే చూసి రిటైరయ్యారేమోనని నా అనుమానం.

హైదరాబాదు చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఎదురెదురుగా రెండు తలుపులు. రెండోది సూర్యనారాయణమూర్తి గారిది. వాళ్ళది కాకినాడ వైపు, ఆయన తండ్రి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా పేపరు వేరు, వాళ్ళ పేపరు వేరు. మా పేపరును మూర్తి గారు ముట్టుకోరు, పొరపాటున ముట్టుకుంటే చేతులు కడుక్కుంటారు. వాళ్ళ పేపరులో కరివేపాకు చుట్టి ఇచ్చినా మా ఆయన మొహం తిప్పుకుంటారు. ఇద్దరూ డిగ్రీలు చదివినవాళ్ళే.

ఇంతవరకూ నవ్వుకునే వ్యవహారమే. కాని మూర్తి గారమ్మాయి హారతి వాళ్ళింటికొచ్చే ఆ పేపరులోనే రిపోర్టరు. పోయిన నెల సెల్లార్లో అపార్ట్‌మెంటు మీటింగు జరుగుతుంటే, మా వీధి మురుగుకాల్వ గురించి హారతి రాసిందని మూర్తి గారు అందరికీ చెప్పుకున్నారు. మా ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "ఆ పేపర్ల రాసేటోళ్ళంత అమ్ముడువోయినోళ్ళే. మీ బిడ్డ గూడ గంతే" అన్నారు. అన్ని ఫ్లాట్లవాళ్ళూ విన్నారు. హారతి అక్కడే ఉంది. మెట్లెక్కి వెళ్ళిపోయింది. మా చేతుల్లో పెరిగిన పిల్ల.

ఆ రోజు నుంచి మూర్తి గారి భార్య రత్నమాల నన్ను వదినా అనడం మానేసి "ఏవండీ" అంటోంది. తప్పని చెప్పి రమ్మని ఆయనకు ఎన్నోసార్లు చెప్పాను. "నేను పిల్లను అనలే, పేపర్ను అన్న" అంటారు. ఇరవై ఏళ్ళ ఇరుగుపొరుగు ఆ ఒక్క మాటకు ఆగిపోయింది.

ఇంతలో ఆయనకు కంట్లో శుక్లం తీశారు. నారాయణగూడ డాక్టరు నల్లద్దాలు పెట్టి, కొన్నాళ్ళు చదువు బంద్ అన్నాడు. చదవడమా పాపం. పేపరు చదివి వినిపించే డ్యూటీ నాకు పడింది.

"ముందుగాల ఫొటో ఎవరిదో చెప్పు."

"ఫొటో లేదు, నగల కొట్టు ప్రకటన ఉంది."

"దాని కిందనో?"

ఇట్లా రెండు రోజులు నడిచింది. మూడో రోజు వానకు మా పేపరు తడిసి ముద్దయింది. ఇంట్లోనేమో మొదటి పేజీ కోసం కేకలు. సిగ్గు విడిచి ఎదురు తలుపు కొట్టాను. రత్నమాల తలుపు సందులోంచే వాళ్ళ పేపరు చేతిలో పెట్టింది. ఎవరి పేపరో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆయన మెచ్చే పార్టీవాళ్ళు ఇచ్చిన మాట తప్పారని అందులో పెద్ద వార్త. ఎక్కడ ఆపమంటారోనని గబగబా చదివేశాను. ఆయన తల ఊపారు. "సూసినవా, మనోళ్ళు తప్పుజేసినా మన పేపర్ వదలదు. గదీ దమ్మంటే. ఎదురింటి పేపర్ల రాస్తరా గిట్ల?"

"ఎందుకు రాస్తారు" అని పేజీ తిప్పాను.

మర్నాడు వాన లేదు. అయినా ఎదురింటికే వెళ్ళాను. రోజూ వింటున్నారు, రోజూ తమ పేపరును పొగుడుకుంటున్నారు. ఒక మనిషి జీవితకాలపు రాజకీయ జ్ఞానమంతా పేపరు పేరు రాసి ఉండే ఆ పైన రెండంగుళాల్లోనే ఉందని తెలిశాక, నేను పెళ్ళాడింది ఎవరినా అని కాసేపు చూశాను. మొహంలో మార్పేమీ లేదు, చాయ్ అడిగారు.

ఆదివారం అశోక్ నగర్ హాస్టళ్ళ మీద ఒక ప్రత్యేక కథనం వచ్చింది. ఉద్యోగ పరీక్షలు వాయిదాలు పడుతుంటే ఇరుకు గదుల్లో వయసు కరిగిపోతున్న పిల్లల గురించి. అప్పటి ప్రభుత్వం ఏం చెప్పింది, ఇప్పటి ప్రభుత్వం ఏం చెప్తోంది, ఎవరిదీ దాచలేదు. మా ఆయన చెల్లెలి కొడుకు ఫణీంద్ర అక్కడే ఒక గదిలో ముగ్గురితో సర్దుకుంటున్నాడు. చదవడం అయిపోయాక ఆయన చాయ్ కప్పు పక్కన పెట్టారు.

"మన ఫణీంద్రను సూసి రాసినట్టే ఉన్నది. ఎవరు రాసిన్రో గాని, ఇంటికి పిలిచి చాయ్ తాపాలె."

"పిలవమంటారా?"

"పిలువు."

కథనం కింద ఉన్న హారతి పేరు నేను పైకి చదవలేదు. ఎదురింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. హారతి చేతులు కట్టుకుని, "మళ్ళీ ఏమంటారో ఆంటీ" అంది. అయినా వచ్చింది.

"ఇదిగో, మీరు చాయ్ తాపాలన్న మనిషి" అన్నాను.

నల్లద్దాలు హారతి వైపు తిరిగాయి. "ఈమె రాసిందా? మన పేపర్ల ఎప్పుడు చేరింది?"

"చేరలేదు అంకుల్. మీరు వారంగా వింటున్నది మా పేపరే."

ఆయన నా వైపు తిరిగారు. "నన్నే ఆగం జేస్తవా?"

"నేను ఒక్క అక్షరం మార్చలేదు. పొగిడింది మీరే."

"ఏదో ఈ ఒక్కవారం జర మంచిగ రాసిన్రేమో."

"ఏ పార్టీకి అమ్ముడుపోయానో చెప్పండి అంకుల్" అంది హారతి, గొంతు పెంచకుండా. "ఈ వార్తకి పొద్దున రెండు పార్టీలవాళ్ళూ ఫోన్ చేసి తిట్టారు. నువ్వు అవతలివాళ్ళ మనిషివన్నారు ఇద్దరూ."

దీనికి హెడ్డింగు లేదు. ఆయనకు జవాబులు ఎప్పుడూ హెడ్డింగులోనే దొరికేవి.

"సరే బిడ్డా, కూసో. చాయ్ తాగుదువు."

"చాయ్ తర్వాత. ఆ రోజు అందరి ముందూ అన్నారు. అమ్మ ఇంకా ఎవరింటికీ వెళ్ళట్లేదు."

హారతి వెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడింది. వెనక మూర్తి గారు, రత్నమాల వచ్చారు. అసోసియేషన్ ప్రెసిడెంటు వీరరాఘవరావు పాల ప్యాకెట్లతో పైకెక్కుతూ, ఏదో జరుగుతోందని వాసన పట్టి మెట్ల మీదే ఆగాడు. ఇక అతనికి తెలిస్తే అన్ని ఫ్లాట్లకూ తెలిసినట్టే.

మా ఆయన లేచారు. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. నేను చేయి ఇవ్వలేదు. నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు, వెలుతురుకు కళ్ళు చికిలించారు.

"మూర్తిగారు, రాఘవరావు, మీరు గూడ ఇనుండ్రి. ఆ దినం నేనన్నది తప్పు. ఈ పిల్ల రాసింది ఒక్క ముక్క సదవకుండనే అన్న."