ముప్పయ్యారు అనే అబద్ధం

హుస్సేనీ ఆలంలో నాది దర్జీ దుకాణం. నడుము పెరిగిందన్న మాట గిరాకీ చెవిన పడనీయకూడదని మా ఉస్తాద్ నేర్పాడు. అందుకే ప్యాంటు వెనక కుట్టులో గుడ్డ కాస్త ఎక్కువే వదులుతాను. జిప్పు పాడైందని తెచ్చినప్పుడు చడీచప్పుడు లేకుండా నడుము కూడా వదులు చేసి ఇస్తాను. పనితనమంటే ఇదేనని మీసం మెలేసుకునేవాణ్ణి.

ఈ పనితనానికి బాగా నోచుకున్నది రామచంద్రరావు గారు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా స్థిరపడ్డాడు. తొంభై అయిదులో ఆయన నడుము ముప్పయ్యారు. రెండువేల నాలుగుకి నలభై మూడు. నా కొలతల పుస్తకంలో నలభై మూడే, నా నోట మాత్రం ఎప్పుడూ ముప్పయ్యారే. కూతురు మైథిలి డాక్టరు చదువుతోంది. షుగరు, బీపీ చూపించుకోమని ఇంట్లో ఒకటే పోరు. "నా నడుము అంగుళం పెరగలేదు, కావాలంటే దర్జీ శివయ్యని అడుగు" అని ఈయన దబాయింపు.

ఒక పొద్దున తండ్రీకూతుళ్ళిద్దరూ కోటు ట్రయల్‌కి వచ్చారు. చాయ్ తాగుతుంటే ఆయన కుడిచేతిలోంచి కప్పు జారింది. మాట ముద్దగా వచ్చింది. అయిదు నిమిషాల్లో అంతా మామూలే.

"నాన్నా, ఆసుపత్రికి పదండి," అంది మైథిలి.

"తిమ్మిరెక్కిందమ్మా. ఇంటికెళ్ళి పడుకుంటాను."

ఆమె నావైపు తిరిగింది. "శివయ్య గారూ, నిజం చెప్పండి. నాన్న నడుమెంత? పొట్ట పెరిగి, దానికి షుగరూ బీపీ రక్తంలో కొవ్వూ తోడైతే మెదడుకి పోయే రక్తనాళం మూసుకుపోతుంది. ఇప్పుడొచ్చింది హెచ్చరికే. అసలుది ఏ క్షణమైనా రావచ్చు."

 నడుము నుంచి మెదడుకి దారి ఉందట! ముప్పయ్యేళ్ళుగా ఆ దారి మొదట్లోనే టేపు చుడుతున్నాను, ఒక్కనాడూ నాకు తెలియలేదు.

"చెప్పవయ్యా," అన్నాడాయన ధీమాగా.

"నలభై మూడు సార్. ఇన్నేండ్లు అబద్ధం చెప్పిన. మీ ప్యాంట్లన్నీ నేనే వదులు చేసిన. మాఫ్ చెయ్యుండ్రి."

ఆయన తన నడుము తడిమి చూసుకున్నాడు. తర్వాత తలొంచుకుని, "ఆటో పిలువు," అన్నాడు.

ఆసుపత్రి మెట్ల మీదే అసలుది వచ్చింది. మూతి వంకర పోయింది, మాట ఆగింది, కుడిచెయ్యి ఖాళీ చొక్కా చేతిలా వేలాడింది. తలకు స్కాన్ తీశారు. మెదడులో రక్తం గడ్డకట్టి దారి మూసిందని, దాన్ని కరిగించే మందు ఎక్కించారు. జబ్బు మొదలైన మూడు గంటల్లోపు వస్తేనే ఈ మందు పనిచేస్తుందని, ఇంట్లో పడుకుని ఉంటే చెయ్యీ మాటా రెండూ దక్కేవి కావేమోనని పెద్ద డాక్టరు చెప్పాడు.

నేను మంచం పక్కనే నిలబడ్డాను. గంట గడిచాక కుడిచేతి చిటికెన వేలు కదిలింది. తర్వాత పక్క వేలు. కాసేపటికి చెయ్యే లేచింది. నేను కళ్ళార్పలేదు. అంత పెద్ద సంగతి అంత నిశ్శబ్దంగా జరుగుతుందని నేనెన్నడూ అనుకోలేదు. ఆ చెయ్యి వచ్చి నా చొక్కా పట్టుకుంది. నాకు భయమేసింది, దండం పెట్టాలనీ అనిపించింది.

ఆయన ఓపిక కూడదీసుకుని పెదాలు కదిపాడు. మైథిలి వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది.

"శివయ్యా, నువ్వు ఒట్టి అబద్ధాలకోరువి," అన్నాడు.

ప్రతి అక్షరం స్పష్టంగా వినపడింది. అంత మంచి తిట్టు నా జన్మలో తినలేదు. ఆ చెయ్యి కళ్ళకద్దుకుని ఏడ్చేశాను.