చివరి రెండడుగులు

మా తోడల్లుడు సినిమా దర్శకుడు. ఆయన సినిమాలకి నేను కాళ్లు. తెరమీద ఎవరు నడిచినా, పరిగెత్తినా, మెట్లమీంచి దొర్లినా ఆ చప్పుడు షూటింగులో సరిగ్గా దొరకదు. తర్వాత నేను ఓ గదిలో బొమ్మ చూసుకుంటూ, మైకు ముందు, ఇనపరేకు మీదో కంకర తట్టలోనో వాళ్ల బదులు నడుస్తాను. ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్నాను. గది దాటింది లేదు.

ఈసారి ఆయన తీసింది అంతరిక్షంలో భయం కథ. ఓడలోకి ఒక ప్రాణి దూరుతుంది. ఎవర్ని తాకితే అచ్చం వాళ్లలా మారిపోతుంది. మధ్యలో ఓడ కెప్టెనమ్మకి కుడికాలు విరుగుతుంది, అప్పట్నుంచి ఆవిడ కుంటుతుంది. ఆవిణ్ణి తాకిన ప్రాణి ఆ కుంటుని కూడా దించేస్తుంది. చివర్లో ఇద్దరూ పోట్లాడుకుంటారు. తెర నల్లబడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ఒక్కరివే అడుగులు, పన్నెండు, అన్నీ కుంటుతూనే. అయిపోయింది. బయటికొచ్చింది మనిషా, ప్రాణియా?

ఆ పన్నెండడుగులు నడవాల్సిన రోజునే పేర్ల జాబితా నా కంటబడింది. దుస్తులు: మా మరదలు. అడుగుల చప్పుడు: దర్శకుడే!

"ఇదేంటి తమ్ముడూ?"

"మనలో మనకి పేర్లెందుకు అన్నయ్యా? ఇంట్లోవాళ్లని ఎక్కిస్తే జనం నవ్వుతారు."

"మరి మీ ఆవిడ?"

"అది ఊరుకోదు కదా. మీరంటే పెద్దవారు, అర్థం చేసుకుంటారు."

అర్థం చేసుకున్నాను. వీడు తోడల్లుడు కాదు, తోడేలల్లుడు. ఆ క్షణం నుంచీ ఆయన నాకు వాడయ్యాడు. గదిలోకెళ్లి కెప్టెనమ్మ బూట్లు తొడుక్కున్నాను. పదడుగులు కుంటాను. చివరి రెండూ నిటారుగా నడిచాను. వాడు ఫోన్లో ఎవరికో కథ చెబుతూ, వినకుండానే బొటనవేలెత్తి "సూపర్ అన్నయ్యా" అన్నాడు.

సినిమా ఆడింది. ముగింపు మీద ఊరంతా వాదనలే. మనిషని సగం మంది, ప్రాణి అని సగం మంది. "ముగింపు మీ మనసులోనే ఉంది" అని వాడు గడ్డం నిమురుకుంటూ తిరిగాడు. చప్పుడు నాది, చప్పట్లు వాడివి. టీవీలో అయితే "ఆ చివరి అడుగులు నేనే నడిచాను, మూడు రోజులు అన్నం ముట్టలేదు" అన్నాడు. మా ఆవిడ టీవీ కట్టేసింది.

"ఏమండీ, మీకు పౌరుషం లేదా?"

"ఉందే. బూట్లలో దాచాను."

ఆదివారం పొద్దుటాట తర్వాత ప్రేక్షకులతో ముచ్చట పెట్టారు. కుటుంబమంతా వెళ్లాం. వాడు వేదికెక్కి చెయ్యెత్తాడు. "రెండో భాగం తీస్తున్నాం! బయటికొచ్చింది కెప్టెనమ్మే. ఇదే ఆఖరి మాట." పక్కన నిర్మాత తలూపాడు. కెప్టెనమ్మ వేషం వేసినావిడ చెయ్యూపింది.

నేను సంచీతో లేచాను. "ఆఖరి మాట సరే తమ్ముడూ, ఆఖరి అడుగు వినిపించు. లైట్లార్పి."

"వినిపించండి!" అని హాలంతా అరిచింది.

ఆర్పారు. టక్... జర్ర్. టక్... జర్ర్. అలా పది. తర్వాత టక్. టక్.

మూడో వరసలో ఒకమ్మాయి కెవ్వుమంది. "కుంటడం మర్చిపోయింది! అది మనిషి కాదు!"

లైట్లు వెలిగేసరికి అందరూ రోమాలు లేచిన చేతులు రుద్దుకుంటున్నారు. "అంటే నేను చచ్చిపోయానా?" అంది వేదిక మీది కెప్టెనమ్మ. నిర్మాత వాడివైపు తిరిగాడు.

"అదే... నేను దాచిన రహస్యం!" అన్నాడు వాడు చెమట తుడుచుకుంటూ. "కావాలనే అలా నడిచాను."

ఆ మాట కోసమే కాచుకున్నాను. వేదికెక్కి, సంచీలోంచి కెప్టెనమ్మ బూట్లు తీసి వాడి ముందు పెట్టాను. "అయితే నడువు."

నడిచాడు. బురదలో గేదె లేచినట్టుంది చప్పుడు. మైకు బాగోలేదన్నాడు, నేల జారుతోందన్నాడు. కుంటడం రాలేదు గానీ కుంటిసాకులు బాగానే వచ్చాయి. అప్పుడు నేను తొడుక్కున్నాను. "కళ్లు మూసుకోండి" అన్నాను జనంతో. టక్... జర్ర్.

పన్నెండో అడుగూ పడింది. ఆ తర్వాత పడ్డాయి చప్పట్లు, ముప్ఫై ఏళ్ల బాకీ. "ఆయన మా పెద్దల్లుడు!" అని మా అత్తగారు ముందు వరసలోంచి కేకేసింది. చిన్నల్లుడు అక్కడే ఉన్నాడన్న మాటే మర్చిపోయింది.

మర్నాడు పొద్దున్నే గంట మోగింది. తలుపవతల వాడి గొంతు.

"అన్నయ్యా, తప్పయిపోయింది. మీ పేరు పెద్దక్షరాల్లో వేయిస్తాను. ఆ రెండడుగులు మళ్లీ కుంటి పెట్టండి, కెప్టెనమ్మ బతకాలి. లేకపోతే రెండో భాగం ఇంకొకడికిచ్చేస్తానంటున్నాడు నిర్మాత."

"పాపం, చెల్లెలి మొగుడు కదండీ," అంది మా ఆవిడ లోగొంతుకతో. "ఏదో ఒకటి చెప్పండి."

చెబుదామనే బూట్లు తొడుక్కున్నాను. గదిలోంచి గుమ్మం దాకా సరిగ్గా పన్నెండడుగులు. టక్... జర్ర్. టక్... జర్ర్. తలుపవతల వాడు హమ్మయ్య అని ఊపిరి వదలడం వినిపించింది. పదడుగులు కుంటాను.

మిగిలిన రెండూ నిటారుగా నడిచాను.

అవతల ఊపిరి ఆగింది. తలుపు తీశాను.