‘రెండో సముద్రం’ చదవొచ్చా?

పొద్దున పదింటికి ఇవాబుచి పుస్తకాల షాపు షట్టరు లేవగానే, పైకప్పు లైట్లకు చుట్టిన స్పాంజి ఊడిపోలేదని చూసుకోవడం అక్కడ పనిచేసే చిగుసా మొదటి పని. నిలబడి చదివేవాళ్ళని ఆ షాపులో ఎవరూ వద్దనరు. పుస్తకం బాగుంటే చదివేవాళ్ళ కాళ్ళు నేల వదులుతాయి. ఓ మోస్తరు పుస్తకానికి బెత్తెడు, మంచిదానికి మోకాలెత్తు. ఒక కాలేజీ కుర్రాడి తల తగిలి ట్యూబులైటు పగిలాక షాపు యజమాని, ముసలి ఇవాబుచి గారు స్పాంజి చుట్టించారు. మైజురు రేవులో చేపలమ్మే ఆడవాళ్ళు కూడా సాయంత్రం వచ్చి, వంటల పుస్తకం పట్టుకుని కాసేపు గాల్లో ఊగి, వంకాయ ఎలా వేయించాలో చూసుకుని వెళ్ళిపోతారు.

కొత్త పుస్తకాల పక్కన తన అభిప్రాయం అట్టముక్క మీద రాసి పెట్టడం చిగుసా రెండో పని. నలభై ఆరేళ్ళ మనిషి, మొహమాటం లేదు. ఆమె ‘బెత్తెడు’ అని రాస్తే అది బెత్తెడే. ఆ అట్టల్ని ఫోన్లో ఫొటో తీసి ఊరూరా పంపుకునేవాళ్ళున్నారు.

‘లాంతరు తిమింగలం’ అనే మాంగా బొమ్మల కథ ఆఖరి భాగం చదివినప్పుడు ఆమెకి ఇరవై ఏళ్ళు. కడుపులో దీపమున్న తిమింగలం మీద కాపురముండే కుటుంబం కథ అది. ఆ రోజు ఆమె వీపు పైకప్పుకి అతుక్కుపోతే, షట్టరు లాగే కొక్కెంతో కిందికి దింపారు. ఆ కథ గీసిన తొకునో గారు పోయారు. ఆయన దగ్గర వెనకాల మబ్బులూ అలలూ గీసిపెట్టిన నిషిగాకి కయో అనే ఆవిడ ఇప్పుడు దానికి కొనసాగింపు వేసింది. పేరు ‘రెండో సముద్రం’.

ఆ పుస్తకాల పెట్టె రాగానే చిగుసాకి ఒళ్ళు మండింది. పోయినాయన కంచంలో అన్నం తింటారా ఎవరైనా? ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా అట్ట రాసి పెట్టింది: “నా కాళ్ళు నేలమీదే ఉన్నాయి. పాతదే మళ్ళీ చదువుకోండి.”

అబద్ధం కాదుగా అనుకుంది. తెరవని పుస్తకానికి కాళ్ళెలా లేస్తాయి?

నెల తిరిగింది. పుస్తకాల దొంతర తరగలేదు. ఒక మధ్యాహ్నం, మిఠాయి పెట్టె చేత్తో పట్టుకుని ఒకావిడ వచ్చి నడుము వంచి దణ్ణం పెట్టింది.

“నిషిగాకి కయోనండి. నా పుస్తకం పెట్టుకున్నందుకు థాంక్స్ చెబుదామని వచ్చాను.”

రాసినవాళ్ళు షాపులకి ఇలా రావడం మామూలే. చిగుసా మాత్రం చటుక్కున వెళ్ళి అట్టకి అడ్డంగా నిలబడింది.

“పక్కకి జరగవోయ్, ఆవిణ్ణి చూసుకోనీ,” అన్నారు ఇవాబుచి గారు కుర్చీలోంచి. “మా చిగుసా నోరు చేదేగానీ అబద్ధం ఆడదండీ.”

కయో అట్ట చదివింది. మొహంలో ఏమీ మారలేదు.

“నిజం రాశారు. ఒక్క భాగం వేసి కథ ఆపేద్దామంటున్నారు మా ఎడిటరు. ఇవాళ సాయంత్రంలోగా నా మాట చెప్పాలి. ఇంకో షాపులో కూడా ఈ అట్ట ఫొటో చూపించారు. ఆపేయడమే నయమేమో.” మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టింది. “ఒక్కటి చెప్పండి, ఎక్కడ విసుగొచ్చింది?”

“మధ్యలో,” అంది చిగుసా.

“మధ్యలో అంటే? వంతెన దగ్గరా, పెళ్ళి దగ్గరా?”

“పెళ్ళి దగ్గర. కాస్త సాగదీసినట్టు...”

“అందులో పెళ్ళి లేదండీ.”

ఇవాబుచి గారు చదువుతున్న పేపరు కిందికి దిగింది. చిగుసాకి చెవుల దాకా సెగ కమ్మింది.

“అయితే అసలు తెరవలేదన్నమాట,” అంది కయో. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది అనిపించింది చిగుసాకి. కయో దొంతర మీంచి ఒకటి తీసి, కవరు చింపి, రెండు చేతులా అందించింది. “చదివి అప్పుడు తిట్టండి. నాకేం అభ్యంతరం లేదు.”

చిగుసా అక్కడే నిలబడి చదివింది. మొదటి అధ్యాయం తొకునో గారి గీతే, అచ్చు గుద్దినట్టు. కాళ్ళు కదల్లేదు. రెండోదీ అంతే. వంతెన వచ్చింది, పోయింది. చివరిదాకా ఇలాగే ఉంటే బాగుండు, తన మాట నిలబడుతుంది అనుకుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి బతుకు పోతే పోనీ అనుకుంటున్నానా అని తోచి, తన మీద తనకే అసహ్యం వేసింది.

పేజీ తిప్పింది. తిమింగలం వీపు మీద వాన. చనిపోయిన మొగుణ్ణి సముద్రంలో వదిలి వచ్చిన ముసలావిడ, ఎప్పటిలాగే రెండు గిన్నెలు కడుగుతోంది. ఒకటి చాలని గుర్తొచ్చి, రెండోది వానకింద బోర్లించకుండా వదిలేసింది. మాట లేదు, మంత్రం లేదు. గీత కూడా వేరు, కొంచెం వణుకుతూ.

చిగుసా అల్మరా అంచు పట్టుకుంది. వేళ్ళు జారాయి. బెత్తెడు దాటింది, మోకాలెత్తు దాటింది.

“లైటు చూసుకోవోయ్!” అన్నారు ఇవాబుచి గారు.

“ఏ పేజీ?” అంది కింద నుంచి కయో.

“గిన్నెలు,” అంది చిగుసా. “వానలో గిన్నెలు.”

కయో తలెత్తి ఆమె కాళ్ళకేసి చూసింది. “తొకునో గారైతే ఇది గీయరని, తీసేయమన్నారు ఎడిటరు. తక్కినదంతా తొకునో గారిలా గీసిందే. నాదంటూ ఉన్నది ఆ ఒక్క పేజీయే.” అక్కడే నిలబడి ఎడిటరుకి ఫోను చేసింది. “నమస్కారమండీ, నిషిగాకిని. ఆపను. కానీ ఇకనుంచి తొకునో గారిలా గీయను. మీకిష్టం లేకపోతే ఇంకో చోట అడుగుతాను.”

ఫోను సంచిలో వేసుకుని పైకి చూసింది.

“క్షమించండి,” అంది చిగుసా. “చదవకుండా రాశాను.”

క్షమించానని కయో అనలేదు. మర్యాదకి తలవంచి బయల్దేరింది. చిగుసా కిందికి దిగలేక, గాల్లోనే నడుము విరిగేలా వంగింది, తల మోకాళ్ళకి తగిలేలా వంగింది. ఎంత వంగినా ఆమె తల, గుమ్మం దాటుతున్న కయో తల కన్నా పైనే ఉంది.