మోదుగాకుల మనిషి

యాదగిరిగుట్ట బస్టాండులో యాదలక్ష్మిని మొదటిసారి చూసినప్పుడు ఈమె కాదేమో అనుకున్నాను. ఆమె రాసే కార్డుల్లో అక్షరాలు జొన్నగింజలంత ఉండేవి. ఆ అక్షరాలను బట్టి సన్నగొంతు గల ఒక బక్కపలచటి మనిషిని మనసులో అనుకుని వచ్చాను. పూల దుకాణాల ముందు, చెప్పిన గుర్తు ప్రకారం పసుపుపచ్చ సంచి పట్టుకుని నిలబడిన మనిషి నాకంటే జానెడు ఎత్తు ఉంది. రాళ్లు మోసి మోసి భుజాలు మగవాళ్ల భుజాల్లా అయ్యాయి.

"ఏందక్కా, గట్ల చూస్తున్నవు? నేనే, నీ లచ్చిమిని" అని నవ్వింది.

నేను చూస్తున్నది ఆమె ఎత్తును కాదు. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. రెండు చేతులకూ నిండుగా ఆకుపచ్చ గాజులు. ఏడాదికి పైగా కార్డులు రాసుకుంటున్నాం. ఆమె ఎప్పుడూ మొగుడి ముచ్చట రాయలేదు. నాలాగే మొగుడు పోయిన మనిషి అని నాకు నేనే అనుకున్నాను. ఆ ధైర్యంతోనే కదా, ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేని సంగతులన్నీ ఆమెకు రాశాను.

మా ఊరు కల్వకుర్తి పక్కన. రాత్రి బడిలో చదువు నేర్చుకున్నవాళ్లు మరిచిపోకుండా ఉండాలని మా పాలమూరు జిల్లా వాళ్ల పేర్లను నల్లగొండ జిల్లా బడులకు పంపారు. నచ్చిన పేరుకు కార్డు రాయవచ్చు. నాకు భువనగిరి నుంచి యాదలక్ష్మి కార్డు వచ్చింది. మీ ఊళ్లో వానలు పడ్డాయా అని అడిగింది. వానల తర్వాత ఏం రాయాలో నాకు తోచలేదు. మా ఆయన గురించి రాశాను. ఆయన పేరు పర్వతాలు. మేస్త్రీ వెంట కాలువ పనికి పోయాడు. మట్టిగడ్డ కూలి, దాని కింద మనుషులు పూడుకుపోయారని, అందులో ఆయన ఉన్నాడని కబురు వచ్చింది. శవం దొరకలేదు. మోదుగాకులతో మనిషిని చేసి, పాడె మీద పెట్టి తీసుకుపోయారు. మా రఘుపతి అప్పుడు ఇంకా పలక పట్టని పిల్లవాడు. వాడి చెయ్యి పట్టుకుని కొరివి పెట్టించారు. నా గాజులు ఆ ఆకుల మనిషి ముందే పగలగొట్టారు. ఇదంతా కార్డు తర్వాత కార్డు రాశాను. కలిస్తే గుట్ట చూద్దాం, భువనగిరి కోట ఎక్కుదాం, ఇద్దరం ఫోటో దిగుదాం అని ఆమె రాసింది. అట్లా ఈ ప్రయాణం కుదిరింది.

మెట్లు ఎక్కుతున్నంత సేపూ ఆమె నా చెయ్యి వదలలేదు. సగం ఎక్కాక నీడలో కూర్చుందామంది. కూర్చున్నాక నేనే అడిగాను, మీ ఆయన ఏం పని చేస్తాడని. ఆమె చీర కొంగు ముడి విప్పి ఒక పుస్తెను అరచేతిలో పెట్టుకుంది. కొత్తది. పసుపుతాడుకు ఇంకా గుచ్చలేదు.

మొదట కట్టుకున్నవాడు తనను వదిలేసిన సంగతి చెప్పింది. తర్వాత భువనగిరిలో రాళ్ల పని దగ్గర ఒక మనిషి కలిశాడు. ఎనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. పుస్తె కట్టమంటే వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ దాటేస్తున్నాడు. వాడకట్టు ఆడవాళ్లు నీళ్ల దగ్గర తనను ఏమని పిలుస్తారో కూడా చెప్పింది. చివరికి తానే పుస్తె చేయించుకుంది. ఈ శుక్రవారం ఈ గుట్ట మీదే కట్టించుకోవాలని గుడి అయ్యగారిని కూడా అడిగింది.

"మంచిదే గద. కట్టిపిచ్చుకో" అన్నాను.

ఆమె నా ముఖం చూడకుండా చెప్పింది. "అక్కా, తిట్టినా సరే, కొట్టినా సరే. ఆ మనిషి మీ దిక్కోడే. పేరు దశరథం అంటడు. నాకైతే గాయన మీ పర్వతాలే అనిపిస్తాంది."

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. ఎదురుగా మెట్లు దిగుతున్నవాళ్లు తిరిగి చూసేంతగా నవ్వాను.

ఆమె ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. పేర్ల కాగితంలో కల్వకుర్తి అని ఉంటే, మా ఇంట్లో మనిషి కూడా ఆ దిక్కే కదా అని నా పేరు ఏరుకుంది. అప్పుడు ఏ అనుమానమూ లేదు. తర్వాత నేను రాసిన సంగతులు చదువుతుంటే ఒక్కొక్కటీ తన ఇంట్లోనే కనబడ్డాయి. జొన్నరొట్టెను ముందే మొత్తం ముక్కలు చేసుకుని, అప్పుడు తినడం మొదలుపెట్టే అలవాటు. కల్లు తాగితే కొట్లాడకుండా మూలకు కూర్చుని ఏడవడం. ఒకరోజు నా కార్డు గట్టిగా చదివిందట. రఘుపతి పేరు రాగానే ఆయన తింటున్న కంచం ముందు నుంచి లేచి బయటికి పోయాడట.

"నీకేమన్న పిచ్చి లేసిందా? నా కొడుకు కొరివి పెట్టిండు" అన్నాను.

"ఆకులకు గదా అక్కా పెట్టింది."

లేచి పోబోయాను. ఆమె నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"పెండ్లాం బతికున్న మనిషి కడితె అది నా మెడల ఉంటదా? నువ్వు ఒక్కసారి సూడు. కాదంటే శుక్రవారం కట్టిపిచ్చుకుంట. అవునంటే..." అని ఆగిపోయింది. పుస్తెను మళ్లీ కొంగుకు ముడి వేసుకుంది.

చూడడానికి ఒప్పుకున్నాను. ఆయన కాదని చూపించి, ఈమె నోరు మూయించాలని ఒప్పుకున్నాను. చనిపోయిన మనిషి గురించి ఇంత మాట అన్నందుకు కోపం వచ్చింది. అనుకున్నవన్నీ చూద్దాం, ఊరికే కూర్చుంటే ప్రాణం నిలవదు అని యాదలక్ష్మి నన్ను లేపింది. దర్శనం వరుసలో నిలబడ్డాం. స్వామి ముందుకు వచ్చాక దండం పెట్టడం మరిచిపోయాను. వెనకవాళ్లు తోస్తే బయటికి వచ్చాను. పులిహోర చేతిలో పెట్టింది. అది ఎప్పుడు తిన్నానో, తిన్నానో లేదో. ఫోటో దుకాణంలో అట్టతో చేసిన గుడి గోపురం ముందు ఇద్దరినీ నిలబెట్టారు. ఫోటో తీసేవాడు రెండుసార్లు ఆగి, "జర నవ్వుండ్రమ్మా, దేవుని కాడికొచ్చి గట్ల మొఖం పెడ్తరా" అన్నాడు. యాదలక్ష్మి నవ్వింది. నేను ఆమె గాజులు చూస్తున్నాను.

భువనగిరి బస్సులో ఆమె తన ఉపాయం చెప్పింది. కోట కట్టిన రాతి గుండు మీది నుంచి చూస్తే అవతల చిన్న గుట్ట దగ్గర రాళ్లు కొట్టే జాగా కనబడుతుంది. పైనుంచి చూస్తే ఆయన నన్ను చూడడు. కాకపోతే నవ్వుకుంటూ దిగిపోవచ్చు.

గుండు ఎక్కేటప్పుడు గాలికి చీర నిలవడం లేదు. బండను తొలిచిన మెట్ల మీద బడిపిల్లలు అరుచుకుంటూ మమ్మల్ని దాటి పోయారు. సగం పైకి పోయాక ఒక గోడ చాటుకు తీసుకుపోయి, కింద పనిచేస్తున్న మనుషులను చూపించింది. చీమల్లా లేరు, మనుషుల్లాగే ఉన్నారు. అంత దగ్గర.

"ఎవరో నేను చెప్ప. నువ్వే చెప్పు" అంది.

చాలాసేపు ఎవరూ కాదనిపించింది. నా ఊపిరి కుదుటపడుతున్నది. అప్పుడు ఒకతను సమ్మెట కింద పెట్టి నీళ్ల కుండ దిక్కు నడిచాడు. ఒక చెయ్యి మాత్రమే ఊగుతున్నది. ఇంకో చెయ్యి మడిచి నడుము వెనక పెట్టుకున్నాడు. ఆ వీపు వెనక నేను ఎన్ని ఏళ్లు పొలానికి నడిచానో. అన్నం గంప నెత్తిన పెట్టుకుని, ఆ మడిచిన చేతినే చూసుకుంటూ గట్ల మీద నడిచేదాన్ని.

బండ మీద కూర్చుండిపోయాను. నన్ను చూసే యాదలక్ష్మికి అర్థమైంది. ఆమె కూడా నా పక్కన కూలబడింది. ఆమె అంత పెద్ద మనిషి, మోకాళ్లు దగ్గరికి తీసుకుని చిన్నపిల్లలా కూర్చుంది. నాకు ఏడుపు రాలేదు. నా కొడుకు పెళ్లిలో నేను పందిరి చివర నిలబడ్డాను. కొత్త కోడలికి బొట్టు పెట్టడానికి మా మరదలు అరుణమ్మను పిలిచారు. ఆ రోజు ఈ మనిషి ఇక్కడ రాళ్లు కొడుతున్నాడు. రొట్టె ముక్కలు చేసుకుని తింటున్నాడు. నాకు తిరిగి తిరిగి అదే ఒక్కటి తోస్తున్నది.

ఎట్లా దిగామో గుర్తు లేదు. మేము దగ్గరికి పోయేసరికి ఆయన సమ్మెట ఎత్తి ఉన్నాడు. నన్ను చూసి దాన్ని మెల్లగా దించాడు. గడ్డం తెల్లబడింది. కళ్లు అవే.

"నర్సీ" అన్నాడు. కాసేపటికి, "రఘుపతి మంచిగున్నడా?"

"నీకు కొరివి పెట్టిన పిలగాడు. మంచిగనే ఉన్నడు."

పక్కన పని చేస్తున్నవాళ్లు చేతులు ఆపారు. ఆయన మమ్మల్ని కొంచెం అవతలికి తీసుకుపోయి చెప్పడం మొదలుపెట్టాడు. మట్టిగడ్డ కూలిన రోజు తల మీద దెబ్బ తగిలింది. పేరు కూడా చెప్పలేని స్థితిలో ఏదో దవాఖానలో చాలా రోజులు పడి ఉన్నాడు. లేచి నడవగలిగాక ఇంటికి బయలుదేరి కల్వకుర్తి దాకా వచ్చాడు. అక్కడ చాయ్ హోటల్లో మా పక్క ఊరి మనిషి ఒకతను, గడ్డం పెరిగిన ఈయనను గుర్తుపట్టక, ఈయన దినాల భోజనం సంగతే ఎవరికో చెబుతున్నాడు. ఆకుల మనిషిని కాల్చారని, చిన్న పిల్లవాడు నిప్పు పెట్టాడని చెబుతుంటే విన్నాడు. తన దినాలు అయిపోయిన మనిషి మళ్లీ ఆ ఇంట్లో కాలు పెడితే నిప్పు పెట్టినవాడు బతకడని చిన్నప్పుడు వాళ్ల అవ్వ చెప్పిన మాట ఆయనకు గుర్తొచ్చిందట. ఒక్కడే కొడుకు. చాయ్ కూడా తాగకుండా, ముందు కనబడిన బస్సు ఎక్కానన్నాడు.

అది నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. నిజమైతే అది ఇంకా పెద్ద దెబ్బ. ఒక్క మాట ఎవరినైనా అడిగి ఉంటే చాలు. ఆకుల మనిషిని పాడె మీద పెట్టిన రోజే మా అత్త ఏడుస్తూ అడిగింది, వాడు ఎప్పటికైనా తిరిగొస్తే ఎట్లా అని. మా కులపెద్ద పెద్దులు తాత అప్పుడే దారి చెప్పాడు. మనిషి వస్తే కొత్తగా పుట్టినట్టు లెక్క. పసిపిల్లకు కట్టినట్టు తొట్టెల కట్టి, అందులో పండబెట్టి, పేరు పెట్టి, పెళ్లాం మెడలో మళ్లీ పుస్తె కట్టిస్తే దోషం ఉండదు. అంతే.

అది చెప్పాను. ఆయన వింటూ నిలబడ్డాడు. యాదలక్ష్మి కొంగు ముడిని పిడికిట్లో పట్టుకుని నన్నూ ఆయననూ మార్చి మార్చి చూస్తున్నది.

ఆ మాట నా నోట్లో నుంచి ఎట్లా వచ్చిందో తెలియదు. "నడువు. బస్సున్నది. తొట్టెల నేను కట్టిస్త. నీ కొడుకుకు నువ్వే చెప్పుకో."

ఆయన కొట్టిన రాళ్ల దిక్కు చూశాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "గీ వయసుల తొట్టెల్ల పండితె ఊరు నవ్వదా నర్సీ?"

దెబ్బ తగలడం, దవాఖాన, అవ్వ మాట, అన్నీ విని తట్టుకున్నాను. ఈ మాటను మాత్రం తట్టుకోలేకపోయాను. ఊరు నవ్వుతుందట. పొద్దున లేచి నేను ఎదురొస్తే ముఖం తిప్పుకున్న ఊళ్లో ఇన్నేళ్లు బతికాను.

యాదలక్ష్మి దిక్కు తిరిగాను. "నువ్వు అడిగినవు గద చెల్లె. సూసిన. మా పర్వతాలు గాదు. మా పర్వతాలైతే తొట్టెల్ల పండుకొనైన వస్తుండె."

ఆయన అక్కడే ఉండిపోయాడు. నేను నడిచాను. నాలుగు అడుగులు వేశాక పక్కన గాజుల చప్పుడు వినబడింది.

బస్టాండులో హైదరాబాదు బస్సు ఆగకముందే యాదలక్ష్మి జనాన్ని తోసుకుంటూ పోయి, తన తువ్వాల కిటికీలోంచి వేసి నాకు సీటు ఆపింది. రాత్రికి అక్కడి గౌలిగూడ బస్టాండులో పడుకుని, తెల్లవారి మా బస్సు ఎక్కమని చెప్పింది. ఒంటరిగా పడుకోవద్దు, పిల్లల తల్లులు ఎక్కడుంటే అక్కడ పడుకో అంది. నేను ఎక్కి కూర్చున్నాక కిటికీ ఊచలు పట్టుకుని కింద నిలబడింది. ఎండకు బొట్టు కరిగి ముక్కు దాకా దిగింది. తుడుచుకోలేదు.

"కార్డు రాస్తవా అక్కా?"

"రాస్త. నువ్వు గూడ రాయి. గాయన సంగతి మాత్రం ఒద్దు."

తల ఊపింది. అడగకూడదనుకుంటూనే అడిగాను, శుక్రవారం గుట్టకు పోతావా అని.

"పనికి పోత" అంది.

బస్సు కదిలింది. కండక్టరు నా ముందుకు వచ్చి రెండుసార్లు ఎక్కడికని అడిగాడు. నేను డబ్బులు పిడికిట్లో బిగించి పట్టుకునే ఉంటే, పక్క సీటులో కూర్చున్న ముసలామె నా వేళ్లు విప్పి, డబ్బులు తీసి అతనికి ఇచ్చింది.