ఎనిమిదడుగుల సందు

నేను ఒక వైడ్ లెన్సుని. ఏ దేశపు ఫ్యాక్టరీలోనో నన్ను అరగదీసి, నునుపు చేసి, దగ్గరున్నదాన్ని పెద్దగా, దూరాన ఉన్నదాన్ని మరింత దూరంగా చూపించమని పాఠం చెప్పి పంపారు. ఆ పాఠమే ఇవాళ నన్ను కాల్చుకు తింటోంది.

నా మొదటి యజమాని పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు. ఇరుకు కల్యాణమండపాన్ని నేను మైదానం చేసి చూపిస్తే పెళ్ళివారు మురిసిపోయేవారు. ఆయన నన్ను విశాఖలో ముత్యాలరావుకి అమ్మేశాడు. ముత్యాలరావు బిల్డర్లకి ఫోటోలు తీస్తాడు. అగ్గిపెట్టెంత పడగ్గదిని నేను పెద్ద హాలు చేసేదాన్ని. ఫ్లాటు కొన్నవాళ్ళు మంచం పట్టక గోడల్ని తిట్టుకున్నారే గాని, నన్నెవరూ ఏమీ అనలేదు. అప్పట్లో నాకూ నవ్వొచ్చేది.

పైడిరాజు వచ్చాక ఆ నవ్వు పోయింది. పగలంతా గ్యాసు బండలు మోస్తాడు. సాయంత్రాలు గోడలెక్కి, మేడ మీంచి మేడ మీదికి దూకుతాడు. ఆ విద్యని పార్కూర్ అంటారట. తను దూకుతుండగా ఒక్క మంచి ఫోటో కావాలన్నాడు.

కడుతున్న అపార్ట్‌మెంట్ పైన, రెండు బ్లాకుల మధ్య ఎనిమిదడుగుల సందు. ముత్యాలరావు నన్ను కెమెరాకి బిగించి అంచున బోర్లా పడుకున్నాడు. పైడిరాజు పరుగెత్తుకొచ్చి మా పక్కనుంచి గాలిలోకి లేచాడు. అంత అందంగా ఓ మనిషి లేవడం నేనెప్పుడూ చూడలేదు. ఉన్నదున్నట్టు చూపితే సరిపోయేది. నాకది చేతకాదు.

ఫోటో చూసి పైడిరాజే తెల్లబోయాడు.

"ఇదేటి గురువుగారూ, పన్నెండడుగులున్నట్టుంది?"

"ఉండనీరా. చూసినోడు టేపెట్టి కొలుస్తాడేటి?"

కంటితోనే కొలిచారు. ఓ జిమ్ము వాళ్ళు ఆ ఫోటో చూసి, కోచ్ ఉద్యోగం ఇస్తాం, ఈ పన్నెండడుగులూ మా ఎదుట దూకమన్నారు. నిజం చెప్పేస్తానని పైడిరాజు స్టూడియోకి వచ్చాడు.

"చెప్తే ఉజ్జోగం పోతాదిరా" అన్నాడు ముత్యాలరావు.

పైడిరాజు ఫోటోని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చివరికి తన కాళ్ళకన్నా నన్నే ఎక్కువ నమ్మాడు.

"దూకీగల్నేమో గురువుగారూ."

జిమ్ములో పన్నెండడుగుల ఎడంతో మనిషెత్తు దిమ్మెలు రెండు పెట్టారు. ముత్యాలరావు మెడలోని కెమెరాకి నేనూ అక్కడే ఉన్నాను. పదకొండు దాకా వెళ్ళాడు. కాలు అంచుకి తగిలి కిందపడ్డాడు. ఎడమ మడమ మూడు ముక్కలైంది. అందరూ అతని చుట్టూ మూగారు. నాకేసి ఒక్కరూ చూడలేదు. తప్పు నాదని అరవడానికి నాకు నోరు లేదు.

అతను చంకకర్రలతో మొదటిసారి నడిచిన రోజున ముత్యాలరావు కెమెరా సంచితో ఆసుపత్రికి వెళ్ళాడు. మామూలు లెన్సు బయటికి తీస్తుంటే పైడిరాజు వద్దన్నాడు.

"ఆ వైడే పెట్టండి గురువుగారూ. మంచం కాడ నిలబడి తియ్యండి. నాలుగడుగులే ఏసేను గానీ, గుమ్మం దాకా ఎల్లిపోయినట్టుండాల. పలాసలో మాయమ్మకి పంపాల."

ముత్యాలరావు మామూలు లెన్సుని సంచిలో పెట్టేసి నన్ను బిగించాడు. సిగ్గులేకుండా నా పని నేను చేశాను. మంచం ముందుకొచ్చింది, గది సాగింది, పైడిరాజు ఎక్కడో దూరాన నిలబడ్డాడు.

అతను ఫోటో చూసుకుని చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"అమ్మ నమ్మీస్తాది" అన్నాడు.