ఐదో ఏడాది టైంటేబుల్

ప్రిన్సిపాల్ హ్యాన్లీ సంతకం పెట్టలేదు. కాగితం చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

ఎదురుగా కూర్చున్న మార్వెల్లా స్టోక్స్ కుర్చీలో ముందుకు జరిగింది. లోపలికి వస్తున్నప్పుడు ఇది రెండు నిమిషాల పని అనుకుంది. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రపు డెల్టాలోని ఈ పేద హైస్కూల్లో ఆమె ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి ఇది ఐదో ఏడు. టీచర్లు దొరకని సబ్జెక్టును ఇలాంటి బడిలో ఐదేళ్లు ఆపకుండా చెబితే, కాలేజీ చదువుకు చేసిన అప్పు ప్రభుత్వం రద్దు చేస్తుంది. ఆ దరఖాస్తు మీద ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఆ ఒక్క మాట నమ్ముకుని మెంఫిస్ నగరంలో మంచి ఉద్యోగం వదిలి పత్తిచేల మధ్యకు వచ్చింది. అప్పు వాయిదాలు ఆపించుకుంది. వడ్డీ మాత్రం ఆగలేదు.

"ఏమైంది సార్?"

"ఇదుగో, ఇక్కడ చూడమ్మా. ఏటా సగానికి పైగా క్లాసులు ఆ సబ్జెక్టువే అయ్యుండాలట. ఈ ఏడు నువ్వు చెప్పింది ఎక్కువ హిస్టరీయే కదా."

"అవి కోచ్ క్లాసులు సార్! తీసుకోమన్నది మీరే కదా!"

నిజమే. సెప్టెంబరులో హ్యాన్లీ తనే వేయించిన క్యాట్‌ఫిష్ చేపల ప్లేటు పట్టుకుని ఆమె ల్యాబుకు వచ్చాడు. ఫుట్‌బాల్ కోచ్ గాడీ హిస్టరీ టీచరు కూడా. అసిస్టెంటు కోచ్ మానేయడంతో జట్టు పనంతా అతని మీదే పడి, హిస్టరీ క్లాసులకు తీరిక లేకపోయింది. "ఒక్క సీజనే, మిస్ మార్వెల్లా. పిల్లలు ఈసారి పైరౌండు ప్లేఆఫ్స్‌కి వెళ్లేలా ఉన్నారు" అన్నాడు హ్యాన్లీ. ఫిజిక్స్ సెక్షన్లన్నీ కలిపి ఒకే క్లాసు చేశారు. మిగతా పీరియడ్లలో ఆమెకు హిస్టరీ వేశారు.

ఆ ఊళ్లో కోచ్‌కి కాదని చెప్పినవాళ్లు లేరు. పైగా ఆమెకు సంతోషంగానే అనిపించింది. అన్నేళ్లుగా ఆమె వాళ్లకి బయటి మనిషే. ఒప్పుకున్నాక వచ్చిన శుక్రవారం మ్యాచ్‌కి వెళితే ఎవరో పెద్దావిడ జరిగి చోటిచ్చి, తన దుప్పటి అంచు ఆమె మీద కూడా కప్పింది. జట్టు గెలుస్తూ పోయింది, సీజన్ పొడుగైంది. అది ముగిశాక కూడా టైంటేబుల్ మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు.

"ఈ రూలుందని నాకు తెలీదమ్మా. దేవుడి సాక్షిగా."

"నాకు తెలుసు సార్. వచ్చిన కొత్తలోనే చదివాను. నేను ఫిజిక్స్ తప్ప ఇంకేం చెబుతానులే అనుకుని వదిలేశాను." ఆమె గొంతు తగ్గించింది. "సైన్సనే రాసేయండి సార్. ఎవరొచ్చి చూస్తారు?"

అలా ఎవరినీ అడిగి ఎరగదు. అడిగేశాక ముఖం వేడెక్కింది.

"టైంటేబుల్ జిల్లా ఆఫీసులో ఉంది. అబద్ధం రాస్తే నా టీచరు లైసెన్సు పోతుంది. నీదీ పోతుంది."

"సరే. మళ్లీ మొదటి నుంచి ఐదేళ్లు చెబుతాను."

హ్యాన్లీ కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడు అర్థమైంది ఆమెకు, అసలు దెబ్బ ఇంకా పడలేదని.

"నిన్న స్కూలు బోర్డు మీటింగయింది. ఈ ఏడు ఫిజిక్స్ ఒకే క్లాసు నడిచింది కదా, పిల్లలు చేరట్లేదనుకున్నారు. వచ్చే ఏడు నుంచి వీడియో పాఠాలట. నీ పోస్టు తీసేశారు."

"క్లాసులు కలిపింది మీరు!"

"చెప్పానమ్మా. వినలేదు. నీకు హిస్టరీ ఇస్తామన్నారు, పూర్తిగా. కోచ్ నీ గురించి గట్టిగా చెప్పాడు."

"వేరే బళ్లో ఫిజిక్స్..."

"మే నెల వచ్చేసిందమ్మా, ఈపాటికి అందరూ వచ్చే ఏడుకి టీచర్లని పెట్టేసుకునుంటారు."

తలుపు తోసుకుని కోచ్ గాడీ లోపలికొచ్చాడు. మెడలో విజిల్, చేతిలో ఐసు వేసిన తీపి టీ గ్లాసు. "ఏంటి మిస్ మార్వెల్లా, మనమేదో ఓడిపోయినట్టు కూర్చున్నారు? హ్యాన్లీ, ఈవిడ రాకముందు మా కుర్రాళ్లకి అంతర్యుద్ధం ఎవరు గెలిచారో తెలీదు. నాకూ అంతంతమాత్రమేననుకో!"

తనే పగలబడి నవ్వాడు. అలవాటుకొద్దీ ఆమె కూడా నవ్వింది. నవ్వుతున్నానని తెలిసి ఆపబోయింది. పెదవులు మాట వినలేదు.

హ్యాన్లీ ఆమె కాగితాన్ని మెల్లగా పక్కకు జరిపి, ఆ చోట కొత్త కాంట్రాక్టు పెట్టాడు. సబ్జెక్టు గడిలో హిస్టరీ అని ముందే టైపు చేసి ఉంది.

"ఇవాళే కావాలంటున్నారమ్మా బోర్డువాళ్లు."

అప్పు మొదటి వాయిదా జూన్‌లో కట్టాలి. ఇంటద్దె అంతకన్నా ముందు. ఆమె సంతకం పెట్టింది.

కోచ్ చప్పట్లు కొట్టాడు.