ఆథర్ దగ్గర ఖాళీ

ఆ లైనులో తన పేరు ఒక్కసారైనా చూసుకోవాలని భాగ్యశ్రీకి రెండేళ్ళ నుంచి ఉంది. సోమవారం పొద్దున పదిన్నరకు అది కనబడనే కనబడింది. నిజం చెప్పాలంటే, చూసిన ఆ ఒక్క క్షణం ఆమెకు సంతోషమే అయింది. కాళ్ళ కింద భూమి కదిలింది ఆ తర్వాతే.

ముందు ఆ లైను సంగతి చెప్పాలి.

పత్తర్‌గట్టిలో పెళ్ళిబట్టల దుకాణం మీద, రెండో అంతస్తులో సదాశివగారి ఆఫీసు. స్కూళ్ళకు, దుకాణాలకు, రక్తపరీక్షల సెంటర్లకు కంప్యూటర్లు సిద్ధం చేసి ఇస్తారు. అరవై మిషన్లుంటే ఒక్కొక్కదాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తూ కూర్చోరు. ఒక్క మిషన్‌ను నిండుగా తయారుచేసి, దాన్నంతా ఒకే పెద్ద ఫైలుగా కుదించి, అదే మిగతా అన్నింటిలో దింపుతారు. ఆ ఫైలును ఆర్కైవు అంటారు. దాని వెంట చీటీ లాంటి చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. అందులో కీవర్డులు: ఆర్కైవు పేరు, తీసిన తేదీ, ఏ రకం మిషన్‌కు పనికొస్తుంది, లోపల ఏమేమున్నాయి. అన్నిటికంటే కింద ఆథర్, అంటే తయారుచేసినవారు.

భాగ్యశ్రీ ఉద్యోగంలో చేరేదాకా ఆ చీటీలు లేవు. 'కొత్తది', 'కొత్తది రెండు', 'ఫైనల్', 'అసలు ఫైనల్' అని ఫైళ్ళకు పేర్లుండేవి. ఏది దేనిదని అడిగితే అందరూ సీనియర్ రామ్‌చందర్ మొహం చూసేవారు. ఆమె నెల రోజులు కూర్చొని, పాత ఆర్కైవులన్నీ విప్పి చూసి, దేనికి దానికి కీవర్డులు రాసింది. ఇంట్లో అమ్మ చంద్రమ్మకు ఈ పనేమిటో ఎట్లా చెప్పాలో తెలియక వంటింటి డబ్బాలు చూపించింది.

"లోపల కారమున్నదా, పసుపున్నదా, మూత తీయకుంటనే తెల్వాలె గదమ్మా. గట్ల."

చదువు రాని చంద్రమ్మ కారం డబ్బాకు ఎర్ర దారం, జీలకర్ర డబ్బాకు నల్ల దారం కట్టుకుంటుంది. "నేను దారం కడ్తా, నువ్వు చీటి రాస్తవు. గంతేనా! దీనికి డిగ్రీ చదవాల్నా?" అంది.

ఆథర్ దగ్గర తన పేరు రాసుకోబోతే రామ్‌చందరే ఆపాడు.

రామ్‌చందర్ ఇల్లు ఫలక్‌నుమాలో వాళ్ళ గల్లీలోనే, నాలుగిళ్ళ అవతల. ఈ ఉద్యోగం ఇప్పించింది అతనే, పని నేర్పిందీ అతనే. సాయంత్రం ఆరున్నరకు కింద బండి స్టార్టు చేసి రెండుసార్లు హారన్ కొడితే ఆమె బ్యాగు తగిలించుకొని మెట్లు దిగాలి. రైల్వేలో పట్టాల మీద పనిచేసే తండ్రి బాబురావు, "రామ్‌చందర్ ఉన్నంక నా బిడ్డ గురించి నాకేం ఫికర్ లేదు" అని స్టేషన్లో అందరికీ చెప్తాడు.

"ఆథర్ ఖాళీగ ఉండనియ్యి చెల్లె," అన్నాడు రామ్‌చందర్. "పని కంపెనీది. పేరు పెట్టుకున్నవనుకో, రేపు ఏ లొల్లి అయినా నీ మెడకే సుట్టుకుంటది. నీ మంచికే చెప్తున్న."

ఆమె నమ్మింది. రెండేళ్ళలో నలభై ఒక్క ఆర్కైవులు. ఆథర్ దగ్గర నలభై ఒక్క ఖాళీలు.

ఇంకో సంగతి ఆమె పేరుది. ఫలక్‌నుమా సర్కారు బడిలో ఒకటో తరగతిలో చేర్చుకున్నప్పుడు టీచరు రిజిస్టరులో ఆమె పేరును ఇంగ్లీషులో రాస్తూ, బి పక్కన ఉండాల్సిన హెచ్ వదిలేసింది. పదో తరగతి మెమోలోనూ అట్లాగే వచ్చింది. ఆధార్‌లో మాత్రం సరిగ్గా ఉండేది. డిగ్రీలో చేరేటప్పుడు రెండూ కలవడం లేదన్నారు. మెమో మార్చడం అయ్యే పని కాదని తేలాక, బాబురావు రెండు రోజులు సెలవు పెట్టి, మీసేవ చుట్టూ తిరిగి, సరిగ్గా ఉన్న ఆధార్‌నే తప్పుగా మార్పించుకొచ్చాడు.

"ఇగ ఎక్కడ రాసినా గిట్లనే రాయి బిడ్డా. ఆ హెచ్ జోలికి పోకు," అన్నాడు.

ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. తండ్రి పెట్టిన ఆ రెండు రోజుల సెలవు ఆమె మరవలేదు. బ్యాంకులో, బస్‌పాస్ మీద, ఈమెయిల్లో, ఆఫీసు హాజరు పుస్తకంలో, ఎక్కడైనా హెచ్ లేకుండానే రాస్తుంది.

రామ్‌చందర్ దానికి ఆటపట్టించేవాడు. "ఏందే చెల్లె, డిగ్రీ చదివినవు, నీ పేరు నీకే రాయరాదు?" నిరుడు ఆమె పుట్టినరోజుకు ఆఫీసుకు కేకు తెచ్చాడు. దాని మీద తెల్ల క్రీముతో ఇంగ్లీషులో ఆమె పేరు, హెచ్‌తో సహా. "సర్కారోళ్ళు రాయకపాయె, బేకరీవోడన్న సక్కగ రాసిండు. నేనే కాయితం మీద రాసిచ్చిన," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హెచ్ ఉన్న ముక్కను భాగ్యశ్రీ తినలేదు. అమ్మకు చూపించాలని పొట్లం కట్టుకుపోయింది.

ఇక సోమవారం.

స్కూళ్ళు నడిపే ఒక సంస్థ నుంచి వసుధ మేడమ్ పొద్దున్నే వచ్చింది. కొత్త కంప్యూటర్ గదిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఒక ఫోల్డరు తెరిస్తే, అందులో ఎవరెవరివో రక్తపరీక్షల రిపోర్టులున్నాయట. పేర్లు, ఫోన్ నంబర్లు, జబ్బులు. అరవై మిషన్లలోనూ అవే. శుభ్రమైన మిషన్ నుంచి కాకుండా, ఏదో సెంటర్ నుంచి రిపేరుకొచ్చిన మిషన్ నుంచి ఎవరో ఆర్కైవు తీసి దింపారన్నమాట.

"ఎవరి తప్పో నాకు కాగితం మీద కావాలండీ. ఆ మనిషి ఇక్కడ ఉండకూడదు. లేదంటే పోలీసులకే చెప్తాం," అని సదాశివతో చెప్పి, ఇచ్చిన టీ ముట్టకుండా ముందుగదిలో కూర్చుంది.

లోపలి గదిలో సదాశివ తెరను భాగ్యశ్రీ వైపు తిప్పాడు. "ఆ ఆర్కైవు చీటీ ఇదేనమ్మా. కింది లైను చదువు."

ఆథర్ దగ్గర ఆమె పేరు.

"నేను చెయ్యలే సార్. గీ ఆర్కైవు నేను ముట్టనే ముట్టలే."

"మరి నీ పేరెందుకున్నది?"

"తెల్వది సార్. ఆథర్ దగ్గర మనం ఏం రాయం. అన్నను అడుగుండ్రి."

ఆమె తలుపు దగ్గర నిలబడ్డ రామ్‌చందర్ వైపు తిరిగింది. ఆఫీసులో అందరిదీ ఒకటే లాగిన్. ఎవరు రాశారో మిషన్ చెప్పదు. ఆ లైను ఖాళీగా ఉంచమన్నది నేనే అని రామ్‌చందర్ ఒక్క మాట చెప్తే చాలు.

రామ్‌చందర్ గొంతు సవరించుకున్నాడు. "చిన్న పిల్ల సార్. తొందరల తెల్వక చేసింటది. మాఫ్ చెయ్యుండ్రి."

"అన్నా!"

"ఒప్పుకో చెల్లె. సార్ మంచోడు."

అన్న తనను కాపాడుతున్నాడా, ముంచుతున్నాడా? నిజంగానే తాను చేసిందని నమ్ముతున్నాడేమో అనుకుంది. అట్లా అనుకున్నా అది ఇంకా అన్యాయం. రెండేళ్ళు పక్కన కూర్చొని పని చూసిన మనిషి.

సదాశివ తెల్లకాగితం ముందుకు తోశాడు. "సంజాయిషీ రాసి, ఉద్యోగం వదిలేస్తున్నానని కింద సంతకం పెట్టు. నీ మీద కేసు లేకుండ నేను చూసుకుంట."

రోగుల కాగితాలు బయటపెట్టిన మనిషి అని ఒకసారి రాతలో పడితే, ఇంకే ఆఫీసూ ఆమెను గడప తొక్కనివ్వదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. 'నా బిడ్డ కంప్యూటర్లకు పానం పోస్తది' అని చెప్పుకునే బాపు రేపు స్టేషన్లో ఏం చెప్తాడు?

అయినా పెన్ను తీసుకుంది. పెద్దవాళ్ళు రాయమంటే రాయడమే ఇన్నేళ్ళూ ఆమె నేర్చుకున్నది. ఇంగ్లీషులో 'నేను' అని మొదలుపెట్టి తన పేరు రాసింది. రాసి, ఆగిపోయింది. కాగితం వైపు చూసింది. తెర వైపు చూసింది. మళ్ళీ కాగితం వైపు.

"సార్, గా పేరు నేను రాసింది కాదు."

"మళ్ళ మొదటికొచ్చినవా తల్లీ?"

"కాదు సార్, చూడుండ్రి. నేను నా పేరు తప్పు రాస్త. ఒకటో తరగతి సంది తప్పే రాస్తున్న. బి పక్కన హెచ్ పెట్ట. గక్కడ సక్కగున్నది."

సదాశివ కళ్ళజోడు పెట్టుకొని బీరువాలోంచి ఆమె ఫైలు తీశాడు. దరఖాస్తు, డిగ్రీ నకలు, ఆధార్ నకలు. హాజరు పుస్తకం రెండేళ్ళదీ తిరగేశాడు. ఎక్కడా హెచ్ లేదు.

"ఇదేందమ్మా, ఎవరన్న సొంత పేరు తప్పు రాసుకుంటరా?"

"సర్టిఫికెట్ల గట్లనే ఉన్నది సార్."

"మరి ఇది రాసిందెవరు?"

ఆయన అడగడం పూర్తికాకముందే ఆమెకు తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండు అనిపించింది. తెల్ల క్రీము అక్షరాలు కళ్ళముందు కనబడ్డాయి. అమ్మ ఆ ముక్కను దేవుడి పటం ముందు పెట్టి, "రామ్‌చందర్ సల్లగుండాలె" అనుకోవడం కూడా.

ఆమె వెనక్కి తిరిగింది. "ఇయ్యాల గూడ సక్కగనే రాసినవు అన్నా."

కింద దుకాణంలో ఎవరో గిరాకీని ఉర్దూలో బతిమాలుతున్నారు. రామ్‌చందర్ తలుపు గొళ్ళెం మీద చెయ్యి పెట్టాడు, తీశాడు.

"నాకు ఇద్దరు పిల్లలు చెల్లె," అన్నాడు చివరికి. "టైము లేక రిపేరుకొచ్చిన మిషన్ నుంచే తీసిన. నీ పేరైతే, చిన్న పిల్ల అని తిట్టి ఇడిసిపెడ్తరనుకున్న. నా పిల్లల మీద ఖసం. ఇంత దూరమొస్తదనుకోలే."

"ఖాళీగ ఉంచమన్నప్పుడు నా మంచికే అన్నవు గదన్నా?"

"అప్పుడు మంచికే అన్న."

అది నిజమేనని ఆమెకు అర్థమైంది. అబద్ధమైతే ఇంత గుచ్చుకునేది కాదు.

సదాశివ ఆమె ఫైలు మూసి బీరువాలో పెట్టాడు. తర్వాత, "సరే. తప్పు ఆఫీసుదని నా పేరు మీదనే మేడమ్‌కు రాసిస్త," అన్నాడు. "రామ్‌చందర్ ఎనిమిదేండ్ల సంది ఉన్నడు, అతను లేకుంటే పని నడవది. ఇంట్ల మాట ఇంట్లనే ఉండనియ్యమ్మా. నువ్వు సాయంత్రానికి శుభ్రమైన ఆర్కైవు తయారుచెయ్యి. ఆ పాతదాంట్ల పేరు తీసేసి ఎప్పటి తీరు ఖాళీ పెట్టు."

పది నిమిషాల కింద ఆమెదైనప్పుడు అది రాజీనామా. ఇప్పుడు అతనిదయ్యేసరికి ఇంట్లో మాట.

తన పేరు దగ్గరే ఆగిపోయిన ఆ కాగితాన్ని భాగ్యశ్రీ నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. వసుధ మేడమ్ సదాశివ సంతకం ఉన్న ఉత్తరం తీసుకొని, రెండోసారి జరిగితే ఊరుకోమని చెప్పి వెళ్ళిపోయింది. భాగ్యశ్రీ రోజంతా తల ఎత్తలేదు. కొత్త మిషన్ తెచ్చుకొని, సిస్టమ్ వేసి, ప్రతి ఫోల్డరూ తెరిచి చూసి, ఆరుంబావుకు ఆర్కైవు తీసింది. తర్వాత చీటీ. ఆర్కైవు పేరు. తేదీ. మిషన్ రకం. లోపల ఏముంది అన్నచోట, 'కొత్త మిషన్ నుంచి తీసినది, ఎవరి ఫైళ్ళూ లేవు' అని రాసింది. కింద ఆథర్.

ఇంటికి బయల్దేరిన సదాశివ ఆమె కుర్చీ వెనక ఆగాడు. "అది ఖాళీ వదిలెయ్యమ్మా."

"ఖాళీ వదిలితే ఎవలన్న రాస్తరు సార్."

ఆయన తెర వైపు ఒకసారి చూసి మెట్లు దిగాడు.

కింద బండి స్టార్టయింది. రెండుసార్లు హారన్ మోగింది. ఆమె బి కొట్టింది. పక్కన ఏ. వేళ్ళు వాటంతటవే తప్పు రాసుకుంటూ పోయాయి. మళ్ళీ రెండుసార్లు హారన్. ఆమె ఫైలు సేవ్ చేసి, ఒకసారి మూసి తెరిచి చూసుకుంది. బండి కాసేపు అక్కడే గుర్రుమంటూ నిలబడి, తర్వాత ఫలక్‌నుమా వైపు వెళ్ళిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాక భాగ్యశ్రీ లేచి, బ్యాగులో బస్‌పాస్ ఎక్కడుందో వెతుక్కుంది.